మునుసామి మామ మిచ్చం లెక్క

ఇనపగుండు మీద ఇనపగుండు పడితే ‘ఠంగ్’మని వచ్చే చప్పుడు ఎక్కడ వినిపించినా నా చెవులు ఇప్పటికీ ఎర్రబడతాయి. నిన్న సాయంత్రం వైట్ టౌన్‌లో డ్యూటీ దిగి సైకిల్ మీద వస్తుంటే, ఒక గోడ అవతల ఎవరో పెతాంక్ ఆడుతున్నారు. చప్పుడు వినగానే సైకిల్ ఆగింది, ఇరవయ్యారు గుర్తొచ్చింది. ఇరవయ్యారును మూడుతో శేషం లేకుండా భాగించవచ్చని, పాతికేళ్ళ వయసులో, మీసం దువ్వుకుని మరీ ప్రకటించిన ఘనుణ్ణి నేను.

దూరంగా చిన్న కొయ్యగుండు వేసి, దానికి దగ్గరగా ఇనపగుండ్లు విసరడమే పెతాంక్. ఫ్రెంచివాళ్ళు వెళ్ళిపోతూ మా ఊళ్ళో మరిచిపోయినవాటిలో అదొకటి. మా ఒర్లియంపేటలో ఆదివారం ఆటకు పెద్ద, మిల్లులో రిటైరైన డి. మునుసామి మామ. మా పక్కింటాయన. గొంతు పెద్దది, గొప్పలు ఇంకా పెద్దవి. జట్టుకి ముగ్గురు అన్నది ఆయన శాసనం. ఇద్దరేసి ఆడకూడదా అని ఎవరైనా అంటే, “ఇద్దరైతే కొట్లాట, ముగ్గురైతే పంచాయితీ. పోరా!” అనేవాడు. లెక్కకు మించినవాళ్ళు, అంటే ఆఖర్న చేరినవాళ్ళు, వేపచెట్టు కింద కూర్చోవాలి. మామ మాటల్లో వాళ్ళు ‘మిచ్చం’, అరవంలో మిగులు అని. నా పేరు ఆర్. శేషగిరి. భాగహారంలో నా చోటేదో అమ్మానాన్నలు బారసాలనాడే ఖాయం చేశారు.

చాలా ఆదివారాలు చెట్టుకిందే గడిచాక, మామ జాలిపడి జట్లు కట్టే పని నాకిచ్చాడు. తలలు లెక్కపెట్టాను. ఇరవయ్యారు. రెండుకీ ఐదుకీ చివరి అంకె చూస్తే చాలు కదా, మూడుకీ అంతే అనుకున్నాను. గెస్ట్ హౌస్‌లో చెప్పులు చూసి మనిషిని అంచనా వేసే ఉద్యోగం నాది. కొస చూసి మొత్తం చెప్పేయడం అలవాటైపోయింది.

“చివర ఆరుంది మామా! మూడుతో సరిగ్గా పోతుంది. ఈ పొద్దు అందరూ ఆడొచ్చు!” అని అరిచాను. నా ఆట చూడమని ఇంట్లోంచి అమ్మను కూడా పిలిచాను.

ఎనిమిది జట్లు కట్టేసరికి ఇద్దరం మిగిలాం. నేనూ, నాకంటే కాస్త ముందు చేరిన ఒక పోస్ట్‌మ్యాన్. అందరూ నవ్వారు. అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

“ఏంది శేషా, యాడికి పోయింది నీ ఆరు?” అన్నాడు మామ.

చేతిలో గుండు అక్కడే పడేసి, ఇక ఈ ఆట వద్దని ఇంటిదారి పట్టాను. మామ తన చోటు పోస్ట్‌మ్యాన్‌కి ఇచ్చేసి, వచ్చి నా చెయ్యి పట్టుకుని చెట్టు కిందికి లాగాడు.

“ఆట పోతే పోనీ, లెక్క తెలుసుకోని పో. పదిమంది నిలబడుకోని ఉండారు. మూడు జట్లు పోతే?”

“ఒకడు మిగులుతాడు.”

“ఇంకో పదిమందిలో?”

“ఇంకొకడు.”

“ఆఁ, ఇరవయ్యారులో ముందుండే రెండు వాళ్ళేరా! మిచ్చం నిలబడిన ఇద్దరు మనుషులు. వాళ్ళని పిలిచి ఆ ఆరుమందితో కలుపు.”

“ఎనిమిది.”

“రెండు జట్లు పోతే ఇద్దరు. నువ్వూ నేనూ. అంకెలు కూడేది ఎందుకంటే, మిచ్చమైనోళ్ళంతా ఒకచోట చేరితే వాళ్ళకీ ఒక జట్టు కుదురుతుందేమో చూసేదానికి. అర్థమాయెనా?”

అంకెలు కూడమని బడిలోనూ చెప్పే ఉంటారు. ఆ అంకెల వెనక ఎవరో నిలబడి ఎదురుచూస్తుంటారని మాత్రం ఆ చెట్టు కిందే విన్నాను. ఇప్పటికీ గెస్ట్ హౌస్‌కి గుంపు దిగి, ఆటోకి ముగ్గురేసి ఎక్కుతుంటే, మనసులో అంకెలు కూడేసి, మిగిలేవాళ్ళ పక్కకు ముందే వెళ్ళి నిలబడతాను.

ఆ రోజునుంచి మామ నన్ను పేరుతో పిలవలేదు. “డేయ్ మిచ్చం!” అంటూ నడి మార్కెట్‌లో కేకేసేవాడు. నా పెళ్ళిలో అక్షతలు వేస్తూ, “మిచ్చానికి కూడా జత కుదిరిందప్పా!” అన్నాడు. మా ఆవిడ ఆ పేరును పదిలంగా దాచుకుంది, అవసరానికి పనికొస్తుందని.

ఏళ్ళు గడిచాయి. మామ మోకాళ్ళు వంగడం మానేశాయి. కొన్నాళ్ళు తాడుకి అయస్కాంతం కట్టి గుండ్లు పైకి లాక్కున్నాడు. తర్వాత రావడమే మానేశాడు. ఒక ఆదివారం కర్ర పట్టుకుని మెల్లగా వచ్చి చెట్టు కింద కూర్చున్నాడు.

“నన్ను కలపొద్దు. చూసిపోదామని వచ్చినా. ఇప్పుడు నేనేరా మిచ్చం” అన్నాడు. ఎప్పటి గొంతు కాదది.

జట్లు కట్టేది నేనే. ఆయనకి వినబడేలా లెక్కపెట్టాను.

“పదిహేడు. ఒకటీ ఏడూ ఎనిమిది. పోదు మామా.”

“ఇద్దరేగా, కూర్చోనీ.”

“ఐదు జట్లయితే ఒక జట్టుకి ఎదురెవరు? వాళ్ళతో కలిపి ఐదుమంది కూర్చోవాల.”

మామ వేళ్ళు మడిచాడు. “నేను లేస్తే?”

“పద్దెనిమిది. ఒకటీ ఎనిమిదీ తొమ్మిది. సరి సంఖ్య కూడా. ఆరు జట్లు, అందరూ ఆడొచ్చు.”

“మోకాళ్ళు రా...”

“గుండ్లు నేను ఏరిస్తా. నువ్వు మిచ్చం యాడైతావు? మాకు తక్కువైన ఆ ఒక్కడివి నువ్వే. లే, కొరవ మామా!”

పోస్ట్‌మ్యాన్ ముందు నవ్వాడు, తర్వాత అందరూ అందుకున్నారు. మామ తిడుతూనే లేచాడు, తిడుతూనే ఆడాడు.

మర్నాడు మార్కెట్‌లో ఆయన వంకాయలు ఏరుకుంటుంటే, ఇవతలి కొసనుంచి గొంతెత్తి పిలిచాను: “ఓ కొరవ మామా!” అంగళ్ళవాళ్ళంతా తిరిగి చూశారు. ఆ పెద్దాయన చెవులు ఎర్రబడడం నేను కళ్ళారా చూశాను.