షట్టర్ తాళం తీసిన యాసంగి

1983 యాసంగి, అంటే రబీ పంటకాలం. జగిత్యాల దగ్గర కాలువల మీద సెక్షన్ ఇంజనీరుగా చేరి నాకు అప్పటికి ఏడాది కూడా కాలేదు. దొరలు ఊళ్లు విడిచి పట్నాలు చేరుతున్న రోజులు, రైతుకూలీ సంఘం మాట చెల్లుతున్న రోజులు. కోరుట్ల వైపు పోయే ఒక పిల్లకాలువ నా కింద ఉండేది.

కాలువ నీళ్లు వంతుల మీద ఇస్తాం. ఎగువ రైతుల వంతు అయిపోగానే లష్కర్, అంటే కాలువ కాపలా మనిషి, వాళ్ల తూము షట్టర్ దించి తాళం వేస్తాడు. అప్పుడే టెయిల్ ఎండ్‌కు, అంటే కాలువ చివరి పొలాలకు, నీళ్లు అందుతాయి.

సంఘం నాయకుడు నర్సయ్య ఒకరోజు వచ్చి తాళాలు తీసేయమన్నాడు.

“దొరలు కాపలా పెట్టి పెట్టి జనాన్ని దొంగలను చేసిన్రు సార్. నమ్మి చూడుండ్రి. మా వంతులు మేమే చూసుకుంటం.”

మా లష్కర్ మల్లయ్య అంతకుముందు ఊరి చెరువు నీళ్లు పొలాలకు పంచే నీరటి. ఆయన ఒప్పుకోలేదు.

“దొర ఉన్నా లేకున్నా మనిషి మనిషే సారూ. నా పొలం ఎండుతుంటే నాకైనా కింది మడి యాదికి రాదు. తాళం ఉండాలె.”

మనిషి పుట్టుకతో మంచివాడనీ, చుట్టూ ఉన్న వ్యవస్థే చెడగొడుతుందనీ కాలేజీలో గొంతు బొంగురుపోయేలా వాదించినవాణ్ణి నేను. మల్లయ్యది పాతకాలపు బుద్ధి అనుకుని తాళాలు తీయించాను.

రెండు తడులు చూడముచ్చటగా నడిచాయి. ఎగువవాళ్లే షట్టర్ దించి, కిందివాళ్లను కేకేసి మరీ పిలిచారు. నేను మల్లయ్యను ఆటపట్టిస్తే నవ్వేశాడు.

మూడో తడి నాటికి వరి పొట్ట మీద ఉంది, ఎండలు ముదిరాయి. ఒక్కొక్కరూ ఇంకో గంట, ఇంకో గంట అనుకున్నారు. మొట్టమొదట షట్టర్ దించనిది నర్సయ్య తండ్రే. కాలువ చివరనున్న రాజవ్వ ఎకరం బీటలు వారింది. ఆ పంట చేతికొస్తే, సిరిసిల్లలో మరమగ్గం నడుపుతున్న భర్తను ఇంటికి పిలిపించుకోవాలని ఆమె ఆశ.

కోతలయ్యాక ఎవరూ చెప్పకుండానే ఎగువవాళ్లు తలా ఇన్ని వడ్లు తెచ్చి రాజవ్వ వాకిట్లో పోశారు. “చూసిన్రా, జనం మంచోళ్లే,” అన్నాడు నర్సయ్య. “ఎండబెట్టినంకనా?” అన్నాడు మల్లయ్య. సిగ్గులేకుండా నేనూ ఆ వాదనలో దూరాను.

వడ్లు చెరుగుతున్న రాజవ్వ చేట పక్కన పెట్టింది. “మనిషి మంచోడా చెడ్డోడా అని మీరు మీరే కొట్లాడుకుంటున్నరు. నన్నెవరన్న అడిగిన్రా?”

“అడిగితే ఏం చెప్పేదానివి రాజవ్వా?” అన్నాను.

“తాళం ఉంచుండ్రి, తాళంచెయ్యి నాకియ్యిండ్రి అందును. వాళ్ల వంతు కాకముందే మూస్తే వాళ్లు ఊకోరు. అయినంక మూయకుంటే నేను ఊకోను.”



మరుసటి యాసంగి నుంచి నా సెక్షన్‌లో తాళంచెవులు కాలువ చివరి రైతులకే ఇచ్చాను. చిన్న చిన్న తగాదాలు వచ్చినా బాగానే నడిచింది. అప్పటికే రాజవ్వ మడి కౌలుకిచ్చి సిరిసిల్లలో భర్త దగ్గర మగ్గానికి నూలు కండెలు చుడుతోంది.

మనిషి స్వభావం ఏమిటో నాకు ఇప్పటికీ తేలలేదు. అది తేల్చుకోవడానికి ఆమె ఎకరాన్ని పణంగా పెట్టే ముందు, ఆమెను ఒక్క మాట అడగాల్సింది.