నేనే కోసేసిన ఆహా

కెనడాలోని హాలిఫాక్స్‌లో నేను చదివింది ఆడియో ప్రొడక్షన్ డిప్లొమా. ఇంట్లో మాత్రం కంప్యూటర్ కోర్సని చెప్పాను. రోజంతా కంప్యూటర్ ముందే కూర్చుంటాం కనుక అది పూర్తిగా అబద్ధం కూడా కాదు. మాలాంటి విద్యార్థులు విమానాల నిండా దిగుతున్న రోజులవి. కాఫీ షాపులో ఒక్క ఖాళీ ఉందంటే చాలు, రెజ్యూమేలు పట్టుకున్నవాళ్ల వరస వీధి మలుపు దాకా ఉండేది. కోర్సయ్యాక వర్క్ పర్మిట్ వస్తుంది సరే, చదువుకు తగ్గ ఉద్యోగం దొరక్కపోతే ఇక్కడే ఉండిపోనిచ్చే పీఆర్ సంగతి దేవుడెరుగు.

అలాంటప్పుడు ఒక పెద్దాయన తన రికార్డింగ్ స్టూడియోలో నన్ను ట్రయల్‌కి తీసుకున్నారు. "ఈ ఒక్క రికార్డింగూ సవ్యంగా జరగనీ, ఫుల్‌టైమ్ ఇస్తాను" అన్నారు. అమెరికాలో ఒకావిడ కొత్తగా రాసిన క్వార్టెట్ అది. రెండు వయొలిన్లు, వాటికన్నా కాస్త పెద్ద వయోలా, కాళ్ల మధ్య నిలబెట్టుకుని వాయించే చెల్లో. వాయించే నలుగురూ అక్కణ్ణుంచే వచ్చారు. రాసినావిడ కూడా వచ్చి ముందు బెంచీలో కూర్చున్నారు. రికార్డింగ్ ఒక పాత చర్చిలో. టేక్ మొదలయ్యే ముందు హోరుపెట్టే హీటర్ ఆపడం, తలుపు దగ్గరికి ఎవరినీ రానివ్వకపోవడం, చప్పుడు చేయకుండా కూర్చోవడం, ఇంతే నా పని. మొదటి రెండూ ఎవరైనా చేస్తారు. నోరు మూసుకుని సంగీతం వినడం మాత్రం మా ఇంటా వంటా లేదు.

మా పెద్దనాన్న విజయవాడలో ఏ కచేరీ జరిగినా నన్ను వెంటబెట్టుకుని వెళ్లేవారు. తొడ మీద తాళం వేసేవారు. మంచి సంగతి పడితే హాలంతా వినబడేలా "ఆహా" అనేవారు. నాకు సిగ్గేసి చెయ్యి లాగితే, "బాగుందని అప్పటికప్పుడు చెప్పకపోతే పాడేవాళ్లకెలా తెలుస్తుందే పిచ్చిదానా?" అనేవారు. నిజమే, పాడేవాళ్లు కూడా మా వరసకేసి చూసి ఇంకో సంగతి వేసేవారు.

మొదటి రోజు ఆ క్వార్టెట్ నాకు పక్కింటివాళ్లు బీరువాలు జరుపుతున్నట్టు వినిపించింది. ఇదేం సంగీతంరా దేవుడా అనుకున్నాను. చలికి కోట్లు వేసుకుని, వేళ్లు ఊదుకుంటూ, ఆ నలుగురూ ఒకే ముక్కని పదే పదే వాయించేవారు. వినగా వినగా చెవికి పట్టింది. ఏ స్వరాల వరస ఎవరి దగ్గర మొదలై ఎవరి దగ్గరికి పోతోందో తెలియసాగింది. చివరి రోజుకి నేనే తర్వాతి ముక్క కోసం ఎదురుచూస్తున్నాను.

చివరి భాగంలో ఒక చోట మిగతా ముగ్గురూ ఒక్కొక్కరే ఆగిపోతారు. చెల్లో ఒక్కటే మిగిలి, పై స్వరం నుంచి మెల్లగా జారుతుంది. ఆ మధ్యాహ్నం ఆ జారుడు దారిలో ఒక్క క్షణం తటపటాయించి, ఇంక వేరే చోటే లేదన్నట్టు కింది స్వరం మీద వచ్చి నిలిచింది.

"ఆహా!" అన్నాను.

మెల్లగా కూడా కాదు. పెద్దనాన్న లాగే అన్నాను. ఎత్తైన ఆ కప్పు దాన్ని ఇంకాస్త సాగదీసి మరీ తిరిగిచ్చింది. చెల్లో ఆవిడ ఆ స్వరాన్ని చివరిదాకా నిలబెట్టేవరకూ మిగతా ముగ్గురూ కదల్లేదు, అప్పుడు నలుగురూ నా వైపు చూశారు. పక్క గదిలోంచి పెద్దాయన హెడ్‌ఫోన్స్ మెడలో వేసుకునే బయటికొచ్చారు.

"ఏమన్నావు?"

"ఆహా అన్నానండీ. బాగా వాయించారని."

చెల్లో వాయించే ఆవిడ ముందు తెల్లబోయింది, తర్వాత పకపకా నవ్వింది. "ఇన్నేళ్లుగా వాయిస్తున్నాను, వాయిస్తుండగా ఎవరూ నాకీ మాట చెప్పలేదు" అంది. పెద్దాయన నవ్వలేదు. మళ్లీ వాయించారు. శుభ్రంగానే వచ్చింది గానీ ఆ జారుడు అలా రాలేదు. ఆ సంగతి అక్కడున్న అందరికీ తెలుసు. మర్నాడు పొద్దున్నే వాళ్ల విమానం. నేను తలెత్తకుండా వైర్లు చుట్టాను.

హార్బరు దాటించే ఫెర్రీ దిగి ఇంటికెళ్లేసరికి నా రూమ్మేట్, కరీంనగర్ అమ్మాయి, అన్నం వండి కూర్చునుంది.

"ఏమైందక్కా, మొకం గట్ల పెట్టుకున్నవ్?"

జరిగింది చెప్పాను.

"మంచిగుందన్నందుకు జాబ్ తీసేస్తరా? నువ్వేమన్న తిట్టినవా వాళ్లను?"

"రికార్డింగ్ పాడైపోయిందే."

"పోతే పోనియ్ తియ్. అన్నం సల్లగైతాంది, తిను ముందుగాల."

తినలేకపోయాను. కచేరీలో పోయింది పోయినట్టే కదా, ఇదీ అంతేననుకున్నాను.

సోమవారం రమ్మని పెద్దాయన మెసేజ్ పెట్టారు. వద్దని మొహం మీదే చెబుతారు కాబోలనుకుంటూ వెళ్లాను. ఆయన తన కుర్చీలో నన్ను కూర్చోబెట్టి ఆ టేక్ వినిపించారు. స్క్రీన్ మీద సన్నగా సాగుతున్న గీత మధ్యలో నా "ఆహా" బొప్పి కట్టినట్టుంది.

"వాళ్లకి ఈ టేకే కావాలట. నీ గొంతు పడింది కింది స్వరం మీద. ఆ స్వరం రెండో టేకులో శుభ్రంగా ఉంది. జారుడు ఇక్కణ్ణుంచి, స్వరం అక్కణ్ణుంచి. అతుకు తెలియకూడదు. నీ గొంతు నువ్వే తియ్" అని టీ పెట్టుకోవడానికి వెళ్లిపోయారు.

నాకు ప్రాణం లేచొచ్చింది. కాలేజీలో ఇలాంటి అతుకులు ఎన్నో వేశాను గానీ, పాడైందనుకున్న ఈ టేకు బాగుపడుతుందని ఆ భయంలో నాకు తోచనే లేదు. మొదటిసారి అతికితే గతుకు తెలిసింది. విప్పాను. రెండోసారి చర్చిలోని గాలి చప్పుడు మారినట్టనిపించింది. అదీ విప్పాను. చెల్లో ఊపిరి తీసుకున్నట్టుండే చోటు చూసుకుని, అక్కడ కలిపాను. ఆయన తిరిగొచ్చి కళ్లు మూసుకుని విన్నారు. మళ్లీ పెట్టమన్నారు. మళ్లీ విన్నారు.

"ఎక్కడుందో నాకు దొరకలేదు. రేపట్నుంచి వచ్చెయ్" అన్నారు.

బాత్రూమ్‌లోకి వెళ్లి కొళాయి తిప్పుకుని తనివితీరా ఏడ్చాను. ఆ చర్చిలో నేను లేనేలేనని నమ్మించగలిగినందుకు నాకు ఈ దేశంలో ఉండే వీలు దొరికింది.