గూడబాతు బొమ్మ పోయిన రోజు

"గూడబాతు బొమ్మ మీద రెండుసార్లు నొక్కు, నా గొంతు వినిపిస్తుంది," అన్నారు మా ఆయన, ఏలూరు ఆసుపత్రికి ఆటో ఎక్కుతూ.

"మీరే ఇంటికొచ్చి మాట్లాడుదురు గానీ, ముందు పదండి," అన్నాను.

అవే మా ఆఖరి మాటలు.

నాకు చదువు రాదు. అందుకే మా పాత కంప్యూటర్లో ఆయన పేర్లు రాయకుండా బొమ్మలు పెట్టారు. చెరువుల ఫొటోలకు చేప, పాటలకు పడవ, తన గొంతుకు కొల్లేటి గూడబాతు. ఆ బొమ్మలున్న పెన్‌డ్రైవ్ ఆయన చొక్కా జేబులో ఉండిపోయింది. పెద్దకర్మ నాడు జేబులు చూడకుండానే చొక్కాలు పంచేశాం. తర్వాత కంప్యూటర్ వేస్తే బొమ్మలు లేవు, అన్నీ ఒకేలాంటి పసుపు డబ్బాలు.

తాడేపల్లిగూడెం నుంచి నా మేనకోడలు వచ్చింది. ఇది రాస్తున్నదీ ఆ పిల్లే.

"అన్నిటికీ న్యూ ఫోల్డర్ అనే ఉందత్తా. ఖాళీవేమో, తీసేయనా?"

"ఆగవే! మీ మావయ్య గొంతు పోతుంది," అని దాని చెయ్యి పట్టేసుకున్నాను.

"బొమ్మ పోయినా లోపలిది పోదత్తా. ముందు చెయ్యి వదులు, ఒక్కోటీ తెరుస్తా."

మొదటిది ఖాళీ. రెండోదాంట్లో చెరువులు. మూడోది ఎంతకీ తెరుచుకోదు. పిల్ల మళ్ళీ మళ్ళీ నొక్కితే చివరికి తెరుచుకుంది.

"ఏమే, అన్నం తిన్నావా?" అన్నారాయన.

తినకపోయినా, "తిన్నానండీ," అనేశాను.

"దీనికేం పేరు రాయమంటావత్తా?"

"పేరు నాకెందుకే? గూడబాతునే పెట్టు. ఈసారి ఆ బొమ్మ కంప్యూటర్లోనే దాచు."

ఇంతవరకూ రాశావు కదమ్మా, ఆయన మాటలు ఆయన అన్నట్టే ఉన్నాయో లేదో, ఒకసారి చదివి వినిపించు.