మా ఇంట్లో రాలిన ఎలుక

ఆ రోజుల్లో బడికి పోకుండా ఇంట్లోనే చదువుకునే పిల్ల అంటే ఉదయగిరిలో అందరికీ జాలి, నాకు మాత్రం మహా గర్వం. టైఫాయిడు నన్ను రెండేళ్ళు వెనక్కి లాగేశాక, తాలూకాఫీసులో గుమాస్తా అయిన మా నాయనే నాకూ తమ్ముడికీ పాఠాలు చెప్పేవాడు. ఆయన స్నేహితుడొకాయన ఆత్మకూరులో హెడ్మాస్టరు. ఆదివారం ఇంటికొచ్చి నన్ను పరీక్షించి, నచ్చితే ఫస్టుఫారంలో, అంటే ఆరో తరగతిలో, చేర్చుకుంటానన్నాడు. నచ్చకపోతే నా చదువు అంతటితో సరి (ఆడపిల్ల కోసం ఇంకో ఏడాది ఎవరు ఆగుతారు?).

ఆ వారం పాఠం ప్లేగు చరిత్ర. పుస్తకంలో ఉన్నది నాయన చదివితే, లేనిది అవ్వ చెప్పేది. బళ్ళారి వైపు పుట్టిన మనిషి, చిన్నప్పుడు ఆ జబ్బును కళ్ళారా చూసింది. "ఎలుక చచ్చి రాలిందంటే ప్లేగొచ్చినట్టే, ఇల్లిడిసి చేలల్లో గుడిసెలేసుకోవాల. తలుపు మీద సున్నంతో గుర్తు పెట్టాల. చచ్చినదాన్ని తాకగూడదు" అనేది. నేను ఒక్క ముక్క వదలకుండా రాసుకున్నాను.

ఆదివారం పొద్దున నాయన హెడ్మాస్టరు కోసం బస్సు దగ్గరికి వెళ్ళాడు. అమ్మ పురిటికి కొండాపురం పోయి ఉంది. చూస్తే వసారాలో, సరిగ్గా నా చదువు చాప పక్కన, ఎలుక వెల్లకిలా పడి ఉంది! ఇంకేముంది, ఇంటికి నేనే కలెక్టరునైపోయాను. తమ్ముడి నెత్తిన బియ్యం తపేలా, నా చంకలో కోడిపెట్ట. "అవ్వా, లెయ్" అనగానే అవ్వ కాఫీ మాటెత్తకుండా బొంత చుట్టుకుని లేచింది. (కాఫీ పడందే కదలని మనిషి! నాకప్పుడే అనుమానం రావలసింది.) తలుపు మీద ఇంత గుర్తు గీసి, "మా ఇంట్లో ఎలుక రాలింది, ఎవురూ రాబాకండి" అని వీధి పొడుగునా అరుస్తూ కొండ కింది జొన్నచేలోకి దారి తీశాను.

గంట తర్వాత నాయన మండిపడుతూ వచ్చాడు, వెనకాలే గొడుగుతో హెడ్మాస్టరు. "ఏందే ఈ గోల? శనక్కాయల మూట కాడ ఎలకలమందు పెట్టింది మీ అవ్వే గదే!"

నా ఆత్మకూరు చదువు గంగలో కలిసిపోయిందనుకున్నాను.

హెడ్మాస్టరు అవ్వ వైపు తిరిగి, "మందు పెట్టింది మీరేనంట. మరి మీరెందుకొచ్చినారమ్మా?" అన్నాడు.

"నేను దీనంత ఉన్నప్పుడు మా ఇంట్లో ఎలుక రాలింది అబ్బయ్యా. నేనే చూసి చెప్పినా. పిల్లకాకికేం తెలుసులే అన్నారు. మా తమ్ముడు పోయినాడు. ఆ పొద్దు నా మాట ఎవురూ ఇనలా. దీని మాట నేనన్నా ఇనద్దా?"

హెడ్మాస్టరు గొడుగు మడిచి నా ముందుకొచ్చాడు. తర్వాత నన్ను ఒకే ప్రశ్న అడిగాడు. "ఊళ్ళోవాళ్ళకు చెప్పినావా?"

"వీధంతా అరిచినా సార్."

"అయితే రేపు సోమవారమే వచ్చి చేరు."

(వారం రోజులు పాలమనిషి మా గడప తొక్కలేదు, అది వేరే సంగతి.)

నేను నాలుగక్షరాలు నేర్చుకున్నానంటే అది నా తెలివి కాదు, అవ్వ చలవ. ఇప్పుడు నాకూ ఆమె వయసొచ్చింది. మొన్న మనవరాలు పరుగెత్తుకొచ్చి, "అవ్వా, భూకంపం వస్తా ఉండాది, బయటికి రా!" అంది. ఆ అదురు పక్కింట్లో కరెంటు రుబ్బురోలు తిరగడం వల్లేనని నాకు తెలుసు. అయినా కాఫీ సగంలో వదిలేసి లేచాను.