ఆళ్లగడ్డలో చదివిన ఇంగ్లీషు వ్యాసం

నా చిన్నప్పుడు చదువుకంటే ముందు నాకు అబ్బిన విద్య కోపం. నంద్యాలలో మా నాయనది గిన్నెల అంగడి. మూడు మాటల్లో తేలే బేరాన్ని ముప్పై మాటలకు సాగదీసే ఇంట్లో పెరిగినదాన్ని. నాది తప్పని ఎవరైనా అంటే ఊరుకునే రకం కాదు.

ఎనిమిదో తరగతిలో ఆళ్లగడ్డ శిల్పుల గురించి ఇంగ్లీషులో వ్యాసం రాశాను. బాగుంటే బడి వార్షికోత్సవంలో చదివిస్తారు. నేనైతే పట్టుపావడా కూడా తీసిపెట్టుకున్నాను. మా ఇంగ్లీషు టీచరమ్మ పక్కింట్లోనే ఉండేది. ఆమె ఒక్క మాట కింద ఎర్రగీత గీసి, అది మార్చేదాకా చదవనివ్వనంది. శిల్పులు విగ్రహాలను 'చర్న్ ఔట్' చేస్తారని రాశాను నేను.

నాకు ఒళ్లు మండింది. గైడులో టర్న్ ఔట్, బ్రింగ్ ఔట్, చర్న్ ఔట్ ఒకే వరసలో పెట్టి, అన్నిటికీ 'తయారుచేయు' అనే అర్థమిచ్చారు. అందులో గట్టిగా మోగేదాన్ని ఏరుకున్నాను, అంతే. ఒకే చెంబుకు మూడు పేర్లు పెట్టి, ఒక పేరుతో అడిగితే లేదంటే కొనేవాళ్లు ఊరుకుంటారా అని అడిగాను. టీచరమ్మ నవ్వలేదు.

"అయితే ఆ మాట శిల్పుల మొగానే చెబుదువు, పా" అంది. ఆదివారం తన చర్చి అయ్యాక నన్ను ఆళ్లగడ్డ బస్సెక్కించింది.

అక్కడ రాతిదుమ్ము పట్టిన పందిరి కింద ఒక పెద్దాయన అమ్మవారిని చెక్కుతున్నాడు. వ్యాసం ఆయనకు తెలుగులో చెప్పమంది టీచరమ్మ. చర్న్ ఔట్‌కు బస్సులో ఆమె చెప్పిన అర్థంతోనే, మీరు విగ్రహాలను గబగబా లెక్కలేనన్ని దించేస్తారని గర్వంగా వినిపించాను. ఉలి ఆగింది.

"ఏందీ పాపా, మేమేమన్నా బొరుగులు వేయిస్తాండామా?"

తల కొట్టేసినట్టయింది. అయినా నోరు మూసుకుంటే అంగడి పిల్లనెట్లవుతాను? గోడవారన ఒక్క పోలికతో వరసగా ఉన్న చిన్న చిన్న నందులను చూపించి, మరి ఇవేమిటన్నాను. ఆయన కాస్త తగ్గాడు. అవి మహానందికి వచ్చే యాత్రికులు కొనుక్కునేవట, నలుగురు కూర్చుని రోజూ దించుతారట.

"వాటిని అనుకోపో, ఒప్పుకుంటా. ఈ తల్లిని అనొద్దు. ఆర్నెల్లుగా చేస్తాండా, ఇంకా కండ్లు తెరవలా."

అప్పుడు చూశాను. కళ్లుండాల్సిన చోట నున్నటి రాయి ఉంది. వాటిని అన్నిటికంటే చివర, మంచిరోజు చూసుకుని, తలస్నానం చేసి వచ్చి చెక్కుతారట.

తిరుగు బస్సులో నా కోపం టీచరమ్మను వదిలి గైడు రాసినవాడి మీదకు మళ్లింది. నందులకు చర్న్ ఔట్ ఉంచాను. అమ్మవారికి గైడులోని ఏ మాటా సరిపోలేదు. ఆర్నెల్లుగా చేస్తున్నాడని సాదాగా రాశాను. టీచరమ్మ చదవనిచ్చింది.

ఇప్పుడు మా మనవరాలి ఫోను కూడా ఆ మాటలన్నీ ఒకటేనంటుంది. నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. ఎవరి పని గురించైనా నాలుగు ముక్కలు రాయాల్సి వస్తే, ఆ మనిషి ముందు నిలబడి చదవగలనా అని చూసుకుంటాను. చదవలేననిపిస్తే, ఆ మాట ఎంత బాగా మోగినా కొట్టేస్తాను.