హాల్వర్ దుకాణంలో తడికి చోటు లేదు

హాల్వర్‌కు తడి అంటే గిట్టదు. ఇందులో వింతేముందంటారా? అతను ఉండేది నార్వే పడమటి తీరంలో. అక్కడ వాన ఆగితే జనం ఏమైందోనని కిటికీలోంచి తొంగిచూస్తారు.

పడవలకూ సైకిళ్లకూ అంటించే బ్యాడ్జీల మీద, నీటిబొట్టులా ఉబ్బి గాజులా మెరిసే పూత పొయ్యడం హాల్వర్ పని. ఆ పూతకు వాడే రెజిన్ అనే జిగురు రెండు రకాలు. ఎపాక్సీ తడిగాలిని పట్టించుకోదు కానీ, ఎండ తగిలితే పసుపెక్కిపోతుంది. పాలియురేథేన్ ఏళ్ల తరబడి తేటగా ఉంటుంది, పడవ వంపుకు తగ్గట్టు వంగుతుంది. కాకపోతే గడ్డకట్టేలోగా కాస్త చెమ్మ తగిలిందా, సోడాలా బుడగలెత్తుతుంది. ఆ ఊళ్లో బుద్ధున్నవాడెవడైనా ఎపాక్సీ వాడతాడు. హాల్వర్ వాడడు.

ఇక బ్యాడ్జీల మీద అక్షరాలు కత్తిరించే చెల్లెలు బోర్గిల్డ్ పాట్లు చూడాలి! లోపల కెటిల్ నిషేధం. తడి కోట్లు పక్కింటి వసారాలో. ఏడుపొస్తే గుమ్మం బయట. కాఫీ ఆవిరి పనికిరాదని ఇద్దరూ వానలో నిలబడి తాగేవారు. తడిసిపోయాక, ఆరేదాకా లోపలికి వెళ్లడానికి వీల్లేక మరో కప్పు తాగేవారు.

ఒకసారి పాస్టరు ముద్దగా తడిసి వచ్చాడు.

"అక్కడే ఆగండి! ఒళ్లు విదిలించుకోండి."

"నేనేమన్నా కుక్కనా, హాల్వర్?"

"కుక్కయితే చెప్పించుకోదు కదండీ!"

ఆ ఏడు ఊరికి కొత్త రక్షణ పడవ వచ్చింది. హాల్వర్ వెంటపడి వెంటపడి బోర్గిల్డ్ చేత దాని బ్యాడ్జికి తెల్లని సీగల్ పిట్టను గీయించాడు. శనివారం పడవ నీళ్లలో దిగాలి. శుక్రవారం పొద్దున హాల్వర్ పూత పోశాడో లేదో, రక్షక సంఘం పెద్ద ఆర్న్‌ఫిన్ నీళ్లోడే గొడుగుతో లోపలికి వచ్చేశాడు. చూస్తుండగానే సీగల్ ఒళ్లంతా పొక్కులు లేచాయి.

"పోనీలే, ఎపాక్సీ పోసెయ్. ఇంకో రోజు టైము లేదు," అన్నాడు ఆర్న్‌ఫిన్.

"పసుపెక్కుతుంది."

"ఎండకా? మన ఊళ్లోనా? ఆ ఎండేదో నాక్కూడా చూపించవయ్యా!"

"పాత పడవ మీద బోర్గిల్డ్ సీగల్ పసుపెక్కలేదూ? దానికి కెనరీ అని పసుపు పిట్ట పేరు పెట్టింది ఎవరు?"

"ఏదో సరదాకి అన్నాను. తనూ నవ్వింది కదా!"

"నవ్వింది. ఆ తర్వాత కుంచె ముట్టుకోలేదు. తప్పుడు రెజిన్ పోసింది నేను, పేరు పడింది తనకి. అందుకే ఈ తంటా అంతా. ఇక నీ గొడుగు తీసుకుని నడువు."

కత్తెర పట్టుకున్న బోర్గిల్డ్ చెయ్యి ఆగిపోయింది. ఇన్నేళ్లూ అన్నకు పిచ్చనుకుంది.

చెమ్మ పీల్చే యంత్రం రోజంతా హోరెత్తింది. హాల్వర్ పాడైన పూతంతా గీకేసి, సాయంత్రం ట్రేలో పెట్టిన బ్యాడ్జి మీద మళ్లీ పోశాడు. ఇద్దరూ ఊపిరి బిగబట్టి చూశారు. ఒక్క బుడగ లేదు. తేట పూత కింద సీగల్ ఎగరబోతున్నట్టుంది. ఇవాళ్టికీ ఆ పడవ ముక్కు మీద అది అంతే తెల్లగా ఉంది. దాన్ని కెనరీ అనే ధైర్యం ఆర్న్‌ఫిన్‌కే లేదు.

ఆ సాయంత్రం మాత్రం దాన్ని చూసి బోర్గిల్డ్ కళ్లు నిండాయి. గబగబా గుమ్మం వైపు నడిచింది.

"ఎక్కడికి?"

"నీ రూలేగా. ఏడుపొస్తే బయట."

హాల్వర్ బయటి వానను చూశాడు, చెల్లెల్ని చూశాడు.

"ఇక్కడే ఏడువు," అన్నాడు. "ట్రే వైపు మాత్రం తిరక్కు."