అక్క కుట్టిన చేతుల దిండు

మొన్న ఆదివారం మా మనవరాలు, కండ్లకోయలో ఇంజనీరింగ్ చదువుతున్న పిల్ల, నా పాత చీరల పెట్టె ముందు చేరి మెత్తటి నూలు చీర ఒకటి కావాలని అడిగింది. ఎందుకే అంటే, మంచం మీద కూర్చుని చదువుతుంటే మెడ పట్టేస్తోందట, ఇంట్లోనే కుట్టుకోగల దిండు ఒకటి ఫోనులో చూసిందట, వీపు ఆనుకోవడానికి వీలుగా, రెండు పక్కలా చేతులు వాల్చుకునేలా ఉంటుందట. ఆ బొమ్మ నా ముఖం ముందు పెట్టి, "ఇట్లాంటిది ఎప్పుడన్న చూసినవా నానమ్మా?" అంది. చూడటమేమిటి, నెలల తరబడి దాని మీదే కాపురం చేశానని చెబితే నమ్మలేదు. చీర తీసుకుని తన దారిన తను వెళ్లిపోయింది కానీ, నేను మాత్రం పెట్టె మూత వేయడం కూడా మరిచిపోయి చాలాసేపు అక్కడే కూర్చుండిపోయాను.

మా పుట్టిల్లు శామీర్‌పేట, అత్తగారిల్లు మేడ్చల్. నన్ను ఇచ్చిన రోజుల్లో ఈ చుట్టుపక్కల ఎటు చూసినా ద్రాక్ష పందిళ్లే కనిపించేవి. మన ఈడు వాళ్లకు ఆ పందిళ్ల కింది చల్లదనం, కోత రోజుల్లో దారి పొడవునా వచ్చే ఆ తీపి వాసన గుర్తుండే ఉంటాయి. మా అత్తగారికీ తోట ఉండేది. కూలీలను పిలవడం, గుత్తులు కోయించడం, బుట్టలు కట్టించి లారీకి ఎక్కించడం, అన్నీ మా అక్క చూసుకునేది. అక్కంటే తోడబుట్టిన అక్క కాదు, మా యారాలు, మావారి అన్నగారి భార్య. గొంతు పెద్దది, చేయి వాటం మంచిది, ఏ పనైనా పట్టిందంటే తేల్చుకునే లేచేది. బడి ముఖం మాత్రం చూడలేదు. నేనేమో చీరల మడతల్లో నవలలు పెట్టుకుని కాపురానికి వచ్చిన దాన్ని. నా చేతిలో పుస్తకం కనబడితే చాలు, "గా కాయితాల్ల ఏమున్నది చెల్లె, గంత గనం జూస్తవు?" అని నలుగురిలో అనేసేది. నాకు చిన్నతనంగా ఉండేది.

మొదటిసారి నాకు కడుపు నిలవలేదు. రెండోసారి నెల తప్పినప్పుడు డాక్టరమ్మ, కాన్పయ్యేదాకా మంచం దిగొద్దని గట్టిగా చెప్పింది. అందరూ తోటకు వెళ్లిపోయాక ఆ గదిలో ఒక్కదాన్నే దూలాలు చూస్తూ పడుకునేదాన్ని. మావారు జీడిమెట్లలో మందుల ఫ్యాక్టరీలో పని చేసేవారు. వస్తూ వస్తూ అద్దె పుస్తకాల దుకాణం నుంచి నవలలు, వారపత్రికలు తెచ్చి ఇచ్చేవారు. తెచ్చారే గానీ చదవడం ఎలా? వెల్లకిలా పడుకుని పుస్తకం పైకెత్తి పట్టుకుంటే చేతులు గుంజేవి, పక్కకు తిరిగితే సగం పేజీ నీడలో పడేది, వెనక దిండ్లు పేర్చుకుంటే ఒక్కొక్కటే జారిపోయేవి. నాలుగు పేజీలకే పుస్తకం మూసేసేదాన్ని. మూయగానే భయం వచ్చి పక్కన కూర్చునేది.

ఒక మధ్యాహ్నం అక్క నాకు మజ్జిగ ఇవ్వడానికి వచ్చి, గుండెల మీద పుస్తకం, కళ్ల నిండా నీళ్లతో ఉన్న నన్ను చూసింది. ఆ పుస్తకమే నన్ను ఏడిపించిందనుకుని దాన్ని లాక్కోబోయింది. కాదక్కా, చదువుదామంటే చేతులు నొస్తున్నాయి, చదవకపోతే మనసంతా ఏదోలా అవుతోంది అని చెప్పాను. అక్క నన్ను మెల్లగా ముందుకు వంచి, వీపు వెడల్పు జానతో కొలుచుకుని, "సల్ల తాగు" అనేసి వెళ్లిపోయింది.

మర్నాటికల్లా దిండు తయారు. ద్రాక్ష బుట్టల్లో గుత్తుల కింద పరిచే కాగితపు తునకలు కుక్కి కుట్టేసింది. ఆనుకుంటే బాగానే ఉంది కానీ, నేను ఊపిరి పీల్చినా గలగల, వదిలినా గలగల. వసారాలోంచి మా అత్తగారు, "ఇంట్ల ఎలుకలు వడ్డయా ఏంది?" అని కర్ర పట్టుకుని వచ్చారు. రెండోసారి వడ్ల పొట్టు నింపింది. అది రాయిలా బిగుసుకుపోయి, కుట్ల సందుల్లోంచి రాలి, వీపంతా దురద పెట్టింది. అక్క తనే దాని మీద కూర్చుని చూసి, ఇటూ అటూ గోక్కుని, ముఖం చిట్లించి పట్టుకుపోయింది.

మూడోసారి మాత్రం అక్క తన పెళ్లికి పుట్టింటివాళ్లు పెట్టిన పరుపు వాకిట్లోకి తెచ్చి, కత్తెరతో నిలువునా చీల్చేసింది. మా అత్తగారు బుగ్గ మీద చేయి పెట్టుకుని చూస్తుండిపోయారు. దూది ఏకే సాయిబును పిలిపించి, ఆ దూదంతా మళ్లీ మబ్బుల్లా ఏకించింది. తర్వాత మామగారి చేతుల కుర్చీ నా గదిలోకి తెప్పించి, దాని చుట్టూ చారల పరుపు గుడ్డ చుట్టి, కుర్చీ కొలతలకే కత్తిరించింది. పాపం మామగారు పేపరు పట్టుకుని రోజంతా అరుగు మీద కూర్చున్నారు. మందపు గుడ్డకు కుట్టుమిషను సూది విరిగిపోతే, గోనె సంచులు కుట్టే దబ్బనం, పురికొస తెచ్చుకుని చేత్తోనే కుట్టింది. చివరికి కాళ్లు లేని కుర్చీలాంటి దిండు తయారైంది. పుస్తకం ఆనించుకోవడానికి ఒడిలోకి ఇంకొక చిన్న దిండు, పేజీలు తిరిగిపోకుండా దానికి ఒక నాడా కూడా పెట్టింది. నన్ను అందులో కూర్చోబెట్టి, తను మంచం కాళ్ల దగ్గర చతికిలబడి, "ఇగ సదువు, జూస్త" అంది.

దిండు పని చేస్తోందో లేదో చూడటానికే అడిగింది కదా అని పైకి ఒక పేజీ చదివి ఆపాను. ఆమె లేవలేదు. "ఆపినవేంది? గా పిల్ల ఇంటికి వోయిందా లేదా?" అంది.

ఆ రోజు నుంచి మా ఇంటి వ్యవహారమే మారిపోయింది. కూరగాయలు తరగడం, చింతపండు గింజలు తీయడం, అన్నీ నా గదిలోకే వచ్చాయి. కథలో ఎవడైనా మోసం చేస్తే అక్క కత్తిపీట మీద నుంచే తిట్ల దండకం ఎత్తుకునేది. కొన్నాళ్లకు అత్తగారు కూడా, ఏదో వెతుకుతున్నట్టు వచ్చి గడప దగ్గర కూర్చునేవారు.

అలా చదువుతున్న వారపత్రిక సీరియల్లో ఒక వారం, కడుపుతో ఉన్న కోడలు పిల్ల మెట్ల మీద నుంచి పడిపోయింది. ఆసుపత్రికి తీసుకెళ్లారు. అక్కడికి వచ్చేసరికి చదవడం ఆపేశాను. పేజీ తిప్పడానికి చేయి రాలేదు. అక్క నా ముఖం చూసింది. లేచి చేతులు కొంగుకు తుడుచుకుని, పత్రిక తీసుకుని, పేజీ తిప్పి కళ్ల ముందు పెట్టుకుంది. తిప్పిన పేజీ నిండా తలనూనె ప్రకటన. అదే చూస్తూ, మా బడి పంతులుగారిలా సాగదీసి చదవడం మొదలుపెట్టింది.

"గప్పుడు డాక్టరమ్మ బయటికొచ్చింది. పరేషాన్ గాకుండ్రి, తల్లి మంచిగున్నది, కడుపుల బిడ్డ మంచిగున్నది అన్నది. గా మాట ఇని అత్త ఉరికొచ్చి, నూనె దెచ్చి, కోడలి కాళ్లకు రాసింది."

గడప దగ్గర నుంచి అత్తగారు అనుమానంగా, "గట్లనే రాసిన్రా?" అన్నారు.

"గట్లనే రాసిన్రు," అంది అక్క, కన్నైనా ఆర్పకుండా.

నాకు ఏడుపూ నవ్వూ కలిసి వచ్చేశాయి. కడుపు కదలకుండా నవ్వడానికి నేను పడిన పాట్లు ఆ దిండుకే తెలుసు. మర్నాడు పొద్దున అత్తగారు గోరువెచ్చటి నూనె గిన్నె తెచ్చుకుని నా కాళ్ల దగ్గర కూర్చున్నారు. కథలో ఆ తర్వాత నిజంగా ఏం అచ్చయిందో నేను చూడలేదు, ఇప్పటికీ చూడాలనిపించలేదు. నెలలు నిండాయి, మా అబ్బాయి పుట్టాడు. నేను మంచం దిగిన రోజే మామగారు, తన కుర్చీని చూసి కుట్టిందే కాబట్టి అది తనదేనని ఆ దిండు పట్టుకుపోయారు.

తోటలు పోయాయి. పందిళ్లున్న చోట విల్లాలు వచ్చాయి, ఒక్కో గేటుకు ఒక్కో కాపలాదారు. చదవడానికి ఇప్పుడు కొదవ లేదు, మా ఇంట్లోనే నలుగురి చేతుల్లో నాలుగు ఫోన్లు. ఎవరి కథ వాళ్లదే, ఎవరి చెవిలో వాళ్లకే వినబడుతుంది. మధ్యలో నవ్వితే ఎందుకు నవ్వారో పక్కవాళ్లకు తెలియదు. తప్పు పట్టడం లేదు, నేనూ ఫోనులోనే చదువుతున్నాను, అక్షరాలు పెద్దవి చేసుకోవచ్చు కూడా.

అక్క ఇప్పుడు శామీర్‌పేటలో చెరువుకు దగ్గర్లో కూతురి దగ్గర ఉంటుంది. పోయిన నెల వెళితే పెద్ద టీవీ ముందు కూర్చుని ఉంది. నీకేమక్కా, రోజంతా సీరియళ్లే కదా అన్నాను. ఆమె నా చేయి పట్టుకుని పక్కన కూర్చోబెట్టుకుంది.

"గా టీవీ ఆగది చెల్లె. నేను నీళ్లు దాగొచ్చేసరికి కథ యాడికో వోతది. నువ్వైతే నేనొచ్చేదాంక ఆగేదానివి."